బుగ్గన శూలం, భుజాన సూది

మాస్కును తిట్టినవాళ్ళ కళ్ళు పోతాయి!

నిజమేనండీ. ఊపిరాడలేదనీ, చెవులు కోసుకుపోయాయనీ, కళ్ళద్దాలకు ఆవిరి పట్టిందనీ ఆ కరోనా రోజుల్లో ప్రతివాడూ దాన్ని ఆడిపోసుకున్నవాడే. అది చేసిన మేలుకు ఒక్కరైనా దణ్ణం పెట్టారా?

ఆఫీసు మీటింగులో మేనేజరు గంటసేపు మాట్లాడుతుంటే నోరంతా తెరిచి ఆవలించే భాగ్యం ఇంతకుముందు ఎవరికైనా దక్కిందా? ఆయన్ను ఆయన ఎదురుగానే నోటికొచ్చిన తిట్టల్లా తిట్టుకుని, కళ్ళతో మాత్రం "ఎస్ సార్" అనడం ఎంత సుఖం! తిరుత్తణిలో బయలుదేరే కరెంటు రైల్లో రోజూ పక్కన కూర్చుని "మీవాడికి ఇంకా ఉద్యోగం రాలేదా?" అని పరామర్శించే పెద్దమనిషి, ఆ రోజుల్లో మనల్ని గుర్తుపట్టలేక వేరేవాడి దగ్గర కూర్చునేవాడు. ఇంట్లో పొద్దున్నే గ్లాసెడు కబసుర కుడినీరు చేతికిచ్చేవాళ్ళు. ఆ కషాయం చేదు పగవాడికి కూడా వద్దు. నోట్లో పోసుకుని, మాస్కు పైకి లాక్కుని, పెరట్లోకి నడిస్తే చాలు. ఇంటావిడకు మనం తాగినట్టే, కరివేపాకు మొక్కకు జబ్బు రానట్టే!

ఒకే మాస్కుతో కాపురాలు నడిపిన అన్నదమ్ములున్నారు. రేషన్ షాపులో సరుకులు తీసుకుని బయటికొచ్చిన అన్న, గేటు దగ్గర తమ్ముడి చేతికి మాస్కు అందిస్తాడు. పొలం గట్టు కోసం కోర్టుకెక్కినవాళ్ళను కలిపిన ఘనత దానిది.

ఇవన్నీ ఒక ఎత్తు, మా వీధి ఎలుమలైకి అది చేసిన ఉపకారం ఒక ఎత్తు.

ఎలుమలైది తిరుత్తణిలో కాపురం, తిరువళ్ళూరులో ఒక లారీ ఆఫీసులో ఉద్యోగం. ఆరడుగుల మనిషి. గుబురు మీసం. గొంతెత్తాడంటే లోడు ఎత్తేవాళ్ళు బీడీలు పారేసి పనిలోకి దూకుతారు. అతనికున్న లోపం ఒక్కటే, సూదంటే భయం. అది డాక్టరు చేతిలో ఉన్నా సరే, టైలరు చేతిలో ఉన్నా సరే. కాలిలో ముల్లు తీయడానికి పిన్నీసు తెచ్చినా మీసం కింద పెదవి వణకడం మొదలవుతుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఈ సంగతి దాచుకుంటూ వస్తున్నాడు. అంత మనిషిలో అంత చిన్న భయం దాచడానికి చోటుకేం కొదవ?

మొదటి అలలో అతని భార్య యువరాణికి కరోనా వచ్చింది. ఎవరూ బయటికి రాకుండా మునిసిపాలిటీవాళ్ళు ఇంటి ముందు రేకు కట్టేశారు. లోపల ఉన్నది ముగ్గురు. జ్వరంతో యువరాణి, ఆమెను చూసుకుంటూ తల్లి కన్నియమ్మ, వంటిల్లు చూసుకుంటూ ఎలుమలై. కన్నియమ్మ అతనికి అత్తగారే కాదు, సొంత మేనత్త కూడా. ఆమె మురుగన్ పటం ముందు కర్పూరం వెలిగించి, కూతురు లేస్తే కొండకు నడిచి వస్తానని మొక్కుకుని, అల్లుడి వైపు తిరిగింది.

"నువ్వేం మొక్కుతావురా?"

గుండు కొట్టించుకుంటానందామంటే ఎలుమలై నెత్తిన మొక్కడానికి మిగిలిందేమీ లేదు. టెంకాయ అంటే, భార్య ప్రాణానికి మరీ చిన్నదిగా తోచింది. సరిగ్గా అప్పుడే రేకు అవతల పాలప్యాకెట్లు పెట్టడానికి పళని వచ్చాడు. పళని మా వీధి కావడి గుంపుకు పెద్ద. ఏటేటా రెండు బుగ్గల్లోంచీ శూలం దించుకుని కొండెక్కే మొనగాడు. మేము దాన్ని అలగు అంటాం. అటువంటి పళని వింటుండగా, ఆరడుగుల ఎలుమలై నోట ఏం రావాలో అదే వచ్చింది.

"మురుగా! అది లేచి కూర్చుంటే బుగ్గలకి అలగు గుచ్చుకోని నీ కొండెక్కుతా!"

"అట్లుండాలన్నా మొగోడంటే!" అన్నాడు పళని రేకు అవతలి నుంచి. పొద్దుగూకేలోగా వీధి వీధంతా తెలిసిపోయింది.

రెండు రోజులు తిరక్కుండానే యువరాణి రసం నోట్లో పెట్టుకుని, "ఇంత ఉప్పు ఎవురేసినారు?" అని కసిరింది. వారం రోజులుగా రుచీ వాసనా తెలియని మనిషి! ఎలుమలై చెంగుచెంగున ఎగిరాడు, ఆమె చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది సంతోషమే, అందులో సందేహం లేదు. కాకపోతే భార్య దక్కిందన్న సంతోషంలో సగం బుగ్గల మీది బెంగ తినేసింది.

కావళ్ళు కొండెక్కే తైపూసం పండుగ రానే వచ్చింది. ఎలుమలైకి వారం ముందు నుంచే అన్నం సయించడం మానేసింది. ఆఫీసులో సెలవు ఇవ్వరేమో అన్నాడు, ఇచ్చారు. జ్వరం వచ్చేలా ఉందన్నాడు, రాలేదు. చివరికి ఏడుపు మొహంతో కొండ కిందికి చేరేసరికి, ఒక పోలీసాయన మైకులో అరుస్తున్నాడు. ఏం జరిగినా సరే మాస్కు తీయకూడదట, తీస్తే పైకి వదలరట!

ఎలుమలైకి అది పోలీసు గొంతులా వినిపించలేదు. సాక్షాత్తూ స్వామి పలికినట్టే ఉంది.

పూలకొట్టు వెనక్కి వెళ్ళాడు. అక్కడ దొరికిన ఐసుపుల్లను కడిగి, పళ్ళ మధ్య అడ్డంగా కరిచిపట్టి, పైన మాస్కు తగిలించాడు. రెండు పక్కలా గుడ్డ బయటికి పొడుచుకొచ్చింది. నుదుటినిండా విభూది పెట్టుకుని బయటికొచ్చేసరికి ఎవరు చూసినా లోపల శూలం ఉందనే అనుకున్నారు. అలగు వేసుకున్నవాళ్ళు మాట్లాడకూడదు కాబట్టి అడిగేవాడూ లేడు, చెప్పేవాడూ లేడు. తెల్లారకముందే తోటలో నిజం శూలం దించుకుని, పైన గుడ్డ కప్పుకొచ్చిన పళని, ఇతన్ని చూసి కళ్ళతోనే శభాష్ అన్నాడు. "వెట్రివేల్ మురుగనుక్కు!" అని ఒకరంటే "అరోహరా!" అని జనం అందుకున్నారు.

మెట్ల దగ్గర కన్నియమ్మ అతని కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసి, వంగి దణ్ణం పెట్టింది. పెద్దావిడ, ఎత్తుకుని పెంచిన మేనత్త! ఎలుమలైకి సిగ్గుతో పుల్ల విరిగినంత పనైంది.

మర్నాడు బుగ్గల మీద మచ్చ లేదేమని ఎవరైనా అడిగారా? అడగరు. స్వామి అలగుకు నెత్తురూ రాదు, మచ్చా మిగలదు అని మావాళ్ళ నమ్మకం. అప్పటి నుంచి వీధిలో ఎలుమలై మాటకు విలువ పెరిగింది. మాస్కు లేకుండా ఎవడైనా కనిపిస్తే ఇతను పోలీసుకన్నా ముందు కేకలేసేవాడు. దేశంలో మాస్కుకు అంతటి భక్తుడు మరొకడు ఉండి ఉండడు.

ఇంతలో టీకా వచ్చింది.

రెండో అల అప్పుడే లేస్తోంది. తిరువళ్ళూరు నుంచి, తిరునిన్రవూరు నుంచి రోజుకొక చావుకబురు ఫోన్లో వినబడుతోంది. మా వీధి చివరి బడిలో క్యాంపు పెట్టారు. గోడకు తళతళలాడే పోస్టరు, అందులో కండలు చూపిస్తూ వీరుడొకడు, కింద "భయం వద్దు" అని అక్షరాలు. క్యాంపుకు మాత్రం ఈగ కూడా రాలేదు. టీకా వేసుకుంటే కాళ్ళూ చేతులూ పడిపోతాయని వాట్సాప్‌లో చదివి, వీధిలో ముసలీముతకా తలుపులు వేసుకుని కూర్చున్నారు.

కన్నియమ్మకు డెబ్బై దాటాయి. షుగరుంది, బీపీ ఉంది. యువరాణి గడ్డం పట్టుకుని బతిమాలితే ఆమె ఒకటే మాట అంది.

"అల్లుడు ముందు ఏసుకోనీ. బుగ్గలో శూలం దించుకున్నోడు, ఆయప్పకేం కాకుంటే నాకూ కాదు."

వీధంతా అదే పాట అందుకుంది. ఎలుమలై వేసుకుంటే మేమూ వేసుకుంటాం! ఇతను ఆఫీసులో పనుందన్నాడు, ఆదివారం చూద్దామన్నాడు. ఒకరోజు యువరాణి అతని ఎదురుగా కూర్చుని, "మామా, అమ్మకేమన్నా అయితే నేను తట్టుకోలేను" అంది. అంతే అంది. ఎలుమలై లేచి చొక్కా తొడుక్కున్నాడు.

ముందు ఎలుమలై, వెనక కన్నియమ్మ, ఆమెను పట్టుకుని యువరాణి, ఆ వెనక వీధి సగం. పళని కూడా బండి మీద వచ్చాడు. జనని అనే నర్సమ్మ చిన్నపిల్ల, అంత జనాన్ని చూసి సంబరపడిపోయి "రండన్నా, కూర్చోండి" అని కుర్చీ వేసింది. ఎలుమలై కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, కళ్ళు మూసుకుని స్వామిని తలుచుకున్నాడు. అలాగే మూసుకుని ఉంటే బాగుండేది. పొరపాటున ఒక కన్ను తెరిచాడు. జనని సూది మీది కవరు చించుతోంది.

ఎలుమలై నిలువునా పక్కకు ఒరిగి, కుర్చీతో సహా నేల మీద పడ్డాడు.

"అయ్యో! నేనింకా ఊసి ఏయనేలేదు!" అని జనని మొత్తుకుంది. ఊసి అంటే మా వైపు సూదే. ఎవరు నమ్ముతారు? జనంలో కలకలం లేచింది.

"శూలానికి పడనోడు ఊసికి పడిపోయినాడంటే, దాంట్లో ఏం కలిపినారో ఏమో!" అన్నాడు పళని. "నాకొద్దు సామీ!" అని బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ బండి శబ్దంతో వరుస వరుసంతా గేటు వైపు తిరిగింది.

చూశారా చిత్రం! ఎలుమలై పిరికివాడని ముందే తెలిసి ఉంటే, అందరూ కడుపుబ్బ నవ్వి తమ చేతులు చాపేవాళ్ళు. శూరుడనుకున్నారు కాబట్టి పరుగెత్తారు.

ముఖాన నీళ్ళు పడి ఇతను కళ్ళు తెరిచేసరికి, కన్నియమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాటబోతోంది. డెబ్బై ఏళ్ళ మనిషి, షుగరు మనిషి, ఇతని అబద్ధాన్ని నమ్మి పోతోంది. ఎలుమలై మాస్కు పీకి పారేశాడు.

"అత్తా! యాడికి పోతుండావు? నిలు! నేను అలగు గుచ్చుకోలా! లోపల ఉన్నింది ఐసుపుల్ల! నాకు ఊసంటే భయం! చూడు, బుగ్గలు చూడు, మచ్చుందా?"

అందరూ వెనక్కొచ్చి అతని బుగ్గలు అటూ ఇటూ తిప్పి చూశారు. మచ్చ లేదు. ఒక ముసలావిడ రెండు చేతులూ జోడించింది.

"చూసినారా స్వామి మహిమ! ఆనవాలు గూడా లేదు!"

"స్వామి మహిమ కాదమ్మో! నా పిరికితనం!" అని ఎలుమలై నెత్తి కొట్టుకున్నాడు. పాపం, మందు తలకెక్కి ఏదో మాట్లాడుతున్నాడని అందరూ జాలిపడ్డారు. మనవాళ్ళతో అబద్ధం నమ్మించడానికి ఐసుపుల్ల చాలు, నిజం నమ్మించడానికి మాత్రం తాతలు దిగిరావాలి!

చివరికి అతనే జనని వైపు తిరిగి, "పాపా, ఆ ఊసి ఇంకోతూరి చూపీ, వీళ్ళందరి ముందరా" అన్నాడు. ఆమె మూత కూడా తీయని సూదిని దూరం నుంచే ఎత్తి చూపించింది. ఆరడుగుల ఎలుమలై "యమ్మా!" అని కేకపెట్టి యువరాణి వెనక్కి వెళ్ళి, ఆమె కొంగుతో కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు చూడాలి ఆ నవ్వులు! బడి పెంకులు ఎగిరిపోతాయనుకున్నాను. నవ్వనిది కన్నియమ్మ ఒక్కతే. ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది.

"మీ నాయన ఇంకా పిరికోడురా. కోడిని కోస్తావుంటే అటకెక్కి కూసునేవాడు. నా దగ్గిర దాచేదెందుకు?" అని చెయ్యి చాపింది. "ఎయ్యి పాపా. మొక్కు సంగతి వాడూ మురుగడూ చూసుకుంటారు."

ఆమె తర్వాత ఎలుమలై వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని, మేనత్త చెయ్యి పట్టుకుని, వీధంతా వినబడేలా అరుస్తూ వేసుకున్నాడు. ఆ తర్వాత వరుసలో ఒక్కొక్కరే నోరు విప్పారు. నాకూ భయమేనంటే నాకూ భయమేనన్నారు. నర్సమ్మ కూడా తనది వేసుకున్నరోజు ఏడ్చానంది. మందు అయిపోయి చివరివాళ్ళను మర్నాడు రమ్మనాల్సి వచ్చింది!

ఎలుమలై ఆ సాయంత్రమే పళని ఇంటికి వెళ్ళాడు. జరిగిందంతా చెప్పి, "నా యాక్టింగు నమ్మి చెడిపోవద్దురా, రేపు రా" అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. పళని పడీపడీ నవ్వాడు. "ఊసి మీలాంటి పిరికోళ్ళకన్నా. నాకేం భయం?" అన్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళినా అదే మాట.

ఎండాకాలం ముగియకముందే పళని పోయాడు. టీకా వేసుకుని ఉంటే బతికేవాడో లేదో నాకు తెలియదు, ఎలుమలైకి అసలే తెలియదు. కవరు చుట్టి తెచ్చిన ఆ మనిషిని దూరం నుంచే చూడనిచ్చారు. ఎలుమలై రోడ్డు మీద నిలబడి, సిగ్గుపడకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. మంచివాడండీ పళని. రేకు కట్టిన ఇంటికి రోజూ పాలు తెచ్చి పెట్టినవాడు.

కాబట్టి క్యాంపులు పెట్టే పెద్దలకు ఒక మనవి. అటువంటి జబ్బు మళ్ళీ రాకూడదు గానీ, వస్తే మాత్రం భయం వద్దని పోస్టర్లు వేయకండి. పళని లాంటి ధైర్యవంతుల ఇళ్ళకు ముందుగా వెళ్ళి, వాళ్ళను బతిమాలి, ఎలాగైనా తీసుకురండి. పిరికివాళ్ళ సంగతి మీరేం చూడక్కర్లేదు. వణుక్కుంటూ అయినా మేమే వస్తాం.