ఫోటోలో పడిన జులేఖా బీ గిన్నె

తినే ముందు టిఫినుకు ఫోటో తీయడం పాపమని గొణుక్కునే వాళ్ళందరికీ ఈ రోజు గట్టిగా గడ్డి పెట్టదలచుకున్నాను. అది పాపం కాదు మహాశయులారా, వరం! జ్వరంలా కనబడే వరం!

పండగ పూట పెనం మీది దోసె నోట్లో వేసుకుని నాలుక కాల్చుకున్న తరం మనది. ఫోను వచ్చాక ఒక్కరి నాలుకైనా కాలిందా? చల్లారిన దోసెకు దోషం అంటగట్టే వాళ్ళు ఈ ఆరోగ్య రహస్యం ఎన్నడైనా గమనించారా?

ఇంకా వినండి. టిఫిను అంటే అల్పాహారం. ఆహారం అల్పంగా ఉండాలని ఆ పేరులోనే ఉంది. ఇన్నాళ్ళూ ఎవరు లెక్కచేశారు? ఆ మాట నిలబెట్టింది ఫోనే. ఫ్రేములో పట్టినంతే వండుతాం. వండినంతా పేరుస్తాం. పేర్చినంతసేపూ ఆకలి ఓరుస్తాం. ఈ పేర్చడం, ఓర్చడం అయ్యేసరికి ఆకలి దానంతటదే చచ్చి ఊరుకుంటుంది. పండక్కి పండగ, ఉపవాసానికి ఉపవాసం!

పొరుగింటికి పళ్ళెం మోసే పని కూడా తప్పింది. ఒకప్పుడు ఒక దోసె ఒక్కరికే వచ్చేది. ఇప్పుడు అదే దోసెను గ్రూపులో పెడితే ఊరంతా చూసి తరిస్తుంది. పళ్ళెం కడిగే పని లేదు, తిరిగి ఇచ్చే పని లేదు. అద్భుతం కాదూ?

నమ్మని వాళ్ళు నందికొట్కూరులో గాబ్రియేలు ఇంటికి క్రిస్మస్ పొద్దున వచ్చి ఉండాల్సింది.

గాబ్రియేలు భార్య ఓబులమ్మ. వాళ్ళ కొడుకు యేసుప్రసాద్. కోడలు మహిమ కర్నూల్లో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. పండక్కి మొగుడితో అత్తగారింటికి వస్తుంది. మంచి పిల్ల. ఇంటిల్లిపాదికీ క్రిస్మస్ టిఫిను స్పెషల్‌గా చేసి పెట్టాలని కోడి కూయకముందే లేచి బీట్‌రూట్ తురిమే పిల్లను చెడ్డదని ఎవరంటారు? ఎరుపుకు బీట్‌రూట్ ఇడ్లీ, దాని నెత్తిన కొబ్బరికోరు టోపీ. పచ్చకు పాలకూర దోసె, క్రిస్మస్ చెట్టు ఆకారంలో కత్తిరించింది. కత్తిరించగా మిగిలిన కొమ్మలన్నీ యేసుప్రసాద్ తిన్నాడు. ఆ ఇంట్లో ఆ పొద్దున వేడిగా తిన్న మనిషి అతనొక్కడే.

ఓబులమ్మ మాత్రం పెరట్లో కట్టెల పొయ్యి మీద పొట్టేలి కూర పెట్టింది. పక్కింటి వాళ్ళు కూడా తినేందుకు వీలుగా హజరత్ వలి కొట్లో హలాల్ చేయించిన మాంసం. ఈ కూర వెనక ఏడాది పాటు మింగిన దిగులుంది. అదేమిటో చెప్పాలి.

పక్కిల్లు జులేఖా బీది. రెండిళ్ళకూ నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగా ఒక స్టీలు గిన్నె తిరుగుతుంటుంది. అంచు కింద చుక్కల అక్షరాలతో 'జులేఖా బీ' అని పేరు కొట్టించిన గిన్నె. రంజానుకు ఖీరుతో ఇటు వస్తుంది. క్రిస్మస్‌కు కూరతో అటు పోతుంది. అది చర్చికీ పోదు, మసీదుకూ పోదు, కానీ రెండు పండగలూ తప్పకుండా చేసుకుంటుంది. ఒక్కటే నియమం. గిన్నె గోడను ఖాళీగా దాటకూడదు.

పోయిన క్రిస్మస్‌కు మహిమ కొత్త కోడలు. అప్పుడే ఆమె మొదటి స్పెషల్ టిఫిను చేసింది. నక్షత్రాల పాన్‌కేకులు, మనిషికింతని లెక్క. ఫ్రేముకు సరిపోయాయి, ఇంటికి సరిపోయాయి, గిన్నెకు మిగల్లేదు. ఏమీ లేని గిన్నెను ఎట్లా ఇవ్వడమని ఓబులమ్మ దాన్ని అటక మీద పెట్టింది. మామూలు రోజు ఏ బొరుగుల ఉగ్గానో చేసి పంపొచ్చు కదా అంటారు మీరు. పండగ గిన్నెలో మామూలు రోజు ఉగ్గాని పోస్తారా? మీకు మర్యాద తెలుసా?

రంజాను వచ్చింది. ఖీరు రాలేదు. ఖీరు ఫోటో వచ్చింది! జులేఖా బీ కూతురు ఫిరోజా పంపింది, చుట్టూ గులాబీ రేకులు పేర్చి. ఓబులమ్మ రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది. జీడిపప్పు కనబడింది. ఎండుద్రాక్ష కనబడింది. ఎంత పెద్దది చేసినా తీపి కనబడలేదు. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. అప్పట్నుంచి ఆ గోడ మీదుగా "కొళాయి వచ్చిందా?" "వచ్చింది." అంతే సంబంధం.

అందుకే ఈసారి కూర. గిన్నె నింపి పంపి, జులేఖా ఒదిన మొహంలోకి చూడాలి. ఓబులమ్మకు ఈ క్రిస్మస్‌కు కావలసింది అదొక్కటే.

కానీ మహిమకు కావలసింది వేరే.

"అత్తా, కూర ఈడ పెట్టొద్దు. అది బ్రౌన్ కలరు. మన థీము రెడ్, గ్రీన్, వైట్."

"కూర కూర రంగులోనే ఉంటాది గదమ్మా. పండగని దానికి కూడా కొత్తగుడ్డలు కట్టల్నా?"

"ఫోటో అయినాక తెచ్చుకుందాంలే అత్తా."

అప్పటికే గాబ్రియేలు తెల్లపంచెలోనే చర్చి ఆరాధన నుంచి వచ్చి టేబుల్ ముందు కూర్చున్నాడు. ఇడ్లీని ముట్టుకోబోతే కోడలు నీడ పడుతోందని చెయ్యి తీయించింది. లైటు కోసం కుర్చీ కూడా జరిపించింది. ఆయన గోడకానుకుని నిలబడి భార్యను పిలిచాడు.

"ఏమే, నాకేమన్నా పెడ్తావా, ల్యాకుంటే నన్నే ఫోటోలో పెట్టి దండ ఏస్తావా?"

"కోడల్నడుగప్పా. ఈ పొద్దు రాజ్యం ఆ పిల్లది."

ఇది క్రిస్మస్ కాదయ్యా, క్లిక్‌మస్! ఇంతలో మహిమకు ఒక లోటు కనబడింది. ప్లేట్లన్నీ కొత్తవి, పల్లెటూరి కళ లేదు. అటక మీద చెయ్యిపెట్టి వెతికింది. ఒక పాత స్టీలు గిన్నె దొరికింది. చుక్కల అక్షరాలు చూసి మురిసిపోయింది. ఎర్ర చట్నీ అందులో వంచి, పేరు కెమెరా వైపు తిప్పి, సరిగ్గా మధ్యలో పెట్టింది.

ఓబులమ్మ గబగబా వచ్చింది. "ఆ గిన్నె మనది కాదు తల్లీ. తీసి పక్కన పెట్టు."

"ఫోటో వరకే అత్తా."

గట్టిగా చెప్తే గోడవతల వినబడుతుంది. చెప్పకపోతే కోడలు వినదు. ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. క్లిక్. స్టేటస్ ఎక్కింది.

మహాశయులారా, ఇప్పుడు చూడండి విజ్ఞాన మహిమ! ఆ గిన్నె బొమ్మ నందికొట్కూరు టవరెక్కింది. ఏ దేశంలో ఏ యంత్రాన్ని చుట్టివచ్చిందో దేవుడికెరుక. తిరిగి అదే టవరు దిగి, ఆ నడుమెత్తు గోడకు అవతల, ఫిరోజా అరచేతిలో వాలింది. ఫిరోజా వాళ్ళమ్మకు చూపించింది.

గోడవతల ఒక దగ్గు వినబడింది. తర్వాత జులేఖా బీ తల కనబడింది.

"ఒదినా, ఫోటోలో నా గిన్నె ఉండాది."

ఓబులమ్మ తల దించుకుంది. "ఉండాది ఒదినా."

"అయితే పోల్యా."

"యాడికి పోతాది? నువ్విచ్చిన కాడ్నే ఉండాది."

"నేను అది పోయిందనుకుంటి. పోయింది గాబట్టి సెప్పల్యాక మొగం తిప్పుకుంటాండావు అనుకుంటి. ఆ తర్వాత ఇంకోటి అనుకుంటి. కోడలొచ్చె, కొత్త రుచులొచ్చె, మా ఖీరు వీళ్ళకు ఇంక పట్టదులే అని."

"అందుకని ఫోటో పంపిస్తివా?"

"గిన్నె నీ కాడ పెట్టుకోని ఖీరు దేంట్లో పంపమంటావు?"

"మీ ఇంట్లో ఇంకో గిన్నే లేదా ఒదినా?"

"శానా ఉండాయి. అవి మా ఇంటి గిన్నెలు. ఇది మనది." జులేఖా బీ గోడ మీద మోచేతులు ఆనించింది. "నువ్వేంటికి పంపల్యా? అది సెప్పు ముందు."

"పోయినేడు నింపను ఏమీ మిగల్యా. ఖాళీది నీ చేతికెట్ల ఇయ్యల్ల?"

చర్చి సంఘపెద్దగా ఎన్నో తగాదాలు తీర్చిన గాబ్రియేలు ఆకలి మరిచిపోయి ముందుకొచ్చాడు. గోడకు ఇవతలి వాళ్ళకూ, అవతల తల పైకెత్తిన ఫిరోజాకూ కలిపి తీర్పు చదివాడు.

"అందరూ ఇనండప్పా. ఈమె నింపల్యాక ఇయ్యల్యా. ఆమె ఇయ్యల్యాక నింపల్యా. మధ్యలో రంజాను పూట ఎండబెట్టి సంపినారు నన్ను. నేనేం తప్పు చేస్తిని? నాకు ఖీరు పట్టదని ఎవురు సెప్పినారు?"

యేసుప్రసాద్ పకపకా నవ్వాడు. ఫిరోజా నవ్వింది. మహిమ నవ్వలేదు. ఫోను చేతిలో ఉంది గానీ దాని వైపు చూడ్డం లేదు.

"పోయినేడు లెక్కపెట్టి చేసింది నేనే గదా అత్తా. నాకెందుకు చెప్పల్యా?"

"నువ్వు మా కోసరం తెల్లారక ముందే లేసి చేస్తివి. సాలదు, ఇంకొంచెం చెయ్యి అని ఏ నోటితో సెప్పేది తల్లీ?"

మహిమ చట్నీ వేరే దాంట్లోకి వంచి, గిన్నె కడిగి అత్త చేతికిచ్చింది. ఓబులమ్మ అంచుదాకా కూర పోసింది. పొగలు కక్కుతూ, థీముకు బొత్తిగా పనికిరాని మట్టిరంగులో, గిన్నె గోడ ఎక్కింది. జులేఖా బీ రెండు చేతులా అందుకుంది.

"మాంసం హజరత్ వలి కాడిదే ఒదినా," అంది ఓబులమ్మ.

"అడిగినానా?" అంది జులేఖా బీ, అప్పటికే ఒక ముక్క నోట్లో వేసుకుని. నాలుక కాలింది. అయినా నవ్వింది.

మహిమకు చెయ్యి ఊరుకోలేదు. ఆ ఇద్దర్నీ ఒక్క ఫోటో తీద్దామని ఫోను ఎత్తింది. ఓబులమ్మ ఆ చేతిలో అప్పుడే పెనం మీంచి తీసిన దోసెల పళ్ళెం పెట్టింది.

"ఇది జులేఖా అత్తమ్మకు అందియ్యి. జాగ్రత్త, కాలుతాది."

ఫోను కొంగులోకి పోయింది. పళ్ళెం గోడ దాటింది. ఫోటో లేదు. అందుకే ఆ పొద్దున ఏం జరిగిందో ఇంత పొడుగున మాటల్లో రాయాల్సి వచ్చింది.

ఇప్పటికైనా ఒప్పుకుంటారా, ఫోటో మహా వరమని? ఏడాది పాటు గోడ దాటలేని గిన్నెను దేశాలు తిప్పి తెచ్చి గోడ దాటించిందా, లేదా? ఆ ఫోటోయే లేకపోతే ఆ గిన్నె అటక మీద ఇంకెన్ని పండగలు పస్తుండేదో!

ఒక్క సందేహరాయుడు మాత్రం నన్ను నిలదీశాడు. నడుమెత్తు గోడ కదయ్యా, ఇంట్లో ఎవరైనా చెయ్యి చాస్తే అందేది కదా అని.

అందేదే. ఫోను లేక చెయ్యి ఖాళీగా ఉంటే.