అశోక్‌నగర్‌లో అంగారకుడి మేడ

అటక మీంచి, ప్రయాణానికి పరుపూ బట్టలూ చుట్టే హోల్డాలు దిగిందంటే వీరరాఘవరావుకి కడుపులో దేవినట్టవుతుంది. ఆ హోల్డాలు ఎవరిదైనా సరే, ఎక్కడికి పోయేదైనా సరే. పక్కింటివాళ్ళు తిరుపతికి బయల్దేరినా ఇతను రెండు పూటలు మజ్జిగ తాగి పడుకుంటాడు.

అలాంటిది, ఆ ఆదివారం పొద్దున దిగిన హోల్డాలు సాక్షాత్తూ అత్తగారిది.

"ఎవరు దింపారు దాన్ని?" అన్నాడు, హాల్లోకి పాము దూరినట్టు.

"నేనే," అంది భార్య వేదవతి. "అమ్మ గురువారం బెజవాడ బండికి వెళ్తానంటోంది."

"అంటే మాత్రం దింపెయ్యడమేనా? కన్నతల్లి! ఇంకో నెల ఉండమనలేవూ?"

"లోకంలో ఏ మగాడైనా అత్తగారు వెళ్తానంటే పరిగెత్తి రిక్షా తెస్తాడు. మీరేమిటండీ, మొహం అలా పెట్టారు?"

"నీకు బెంగగా ఉండదూ?"

"ఉంటుంది. కాని ఆవిడ వచ్చినప్పట్నుంచీ నా వంటింట్లో నేనే చుట్టాన్ని. పోపులపెట్టె ఎక్కడుందో అడిగి తీసుకోవలసివస్తోంది. నిన్న చారులో ఉప్పు వెయ్యబోతే 'ఎవరే అదీ' అంది."

వీరరాఘవరావు తన బెంగంతా అత్తగారి చేతి గోంగూర పచ్చడి కోసమని భార్యతో చెప్పుకున్నాడు. అసలు సంగతి వేరు. పలక పట్టకముందే అతని తల్లి పోయింది. మేనమామల ఇళ్ళలోనూ హాస్టళ్ళలోనూ పెరిగాడు. ఆఫీసునుంచి వచ్చేసరికి ఒక మనిషి గేటు పట్టుకుని నిలబడి, "ఇంత ఆలస్యమైందేం నాయనా, చిక్కి సగమయ్యారు" అనడం ఈ వయసుకి మొదటిసారి విన్నాడు. అద్దంలో చూసుకుంటే పొట్ట చొక్కా గుండీలతో పోట్లాడుతోంది. అయినా తను చిక్కిపోయాననే నమ్మాడు.

కొల్లిపరనుంచి వచ్చిన అత్తగారు కుసుమాంబగారిది మాత్రం ఒకటే మాట. "అల్లుడింట్లో అత్త ఎన్నాళ్ళుంటుంది నాయనా? నలుగురూ ఏమనుకుంటారు?"

ఆ నలుగురూ ఎవరో కనుక్కుని కాళ్ళు పట్టుకుందామని వీరరాఘవరావు చూశాడు. ఎంత వెతికినా దొరకలేదు.

ఆ సాయంత్రం ఆఖరి వేడుకగా అత్తగారిని సినిమాకి తీసుకెళ్ళాడు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన ఏడాది అది. ఆ వేడిలో చిక్కడపల్లి దగ్గర ఒక హాల్లో 'అంగారకుడి అల్లుడు' అనే పాత సినిమా మళ్ళీ వేశారు. అంగారక గ్రహంనుంచి ఒకడు తపాలా డబ్బాలాంటి వాహనంలో మన ఊళ్ళో దిగుతాడు. మొదటి భాగంలో దిగుతాడు, రెండో భాగంలో పెళ్ళాడతాడు, మూడో భాగంలో మామగారితో పడలేక వాహనం కోసం వెతుక్కుంటాడు. మూడు భాగాలూ కలిపి ఒకే ఆటగా చూపిస్తున్నారు.

చీకట్లో కుసుమాంబగారు తల మెల్లగా ఊపుతూనే ఉంది. ఒక్కోసారి గడ్డం గుండెకి తగిలేదాకా ఊపింది.

"చూశావా, ఎంత మెచ్చుకుంటున్నారో!" అన్నాడు వీరరాఘవరావు. వేదవతి నోట్లో కొంగు కుక్కుకుంది.

బయటికొచ్చాక అత్తగారు అడిగింది. "చివర్న ఒక మేడ చూపించారే, ముందు వసారా, పక్కన బావి. అది ఎక్కడిది నాయనా?"

అది మద్రాసులో అట్టలతో కట్టిన మేడ. ఆ సంగతి వీరరాఘవరావు పత్రికలో చదివాడు కూడా. కాని బుర్రకంటే నోరు ముందు కదిలింది.

"ఇక్కడిదేనండీ! ఆ సినిమా సగం మన పేటల్లోనే తీశారు. గుంపులో నాలుగోవాణ్ణి నేనే. వీపు మాత్రమే కనపడుతుంది. అవన్నీ చూడకుండా వెళ్ళిపోతారా?"

"చాలా ఉన్నాయా?"

"రోజుకొకటి చూసినా దీపావళి దాటుతుందండీ."

"ఇళ్ళేనా?"

"ఎక్కువ ఇళ్ళే."

"అయితే చూద్దాం."

హోల్డాలు అటకెక్కింది. వీరరాఘవరావు కడుపు కుదుటపడింది.

"మద్రాసు మేడని ఇక్కడెక్కడ నిలబెడతారండీ?" అంది వేదవతి.

"ఊరినిండా మేడలే. ఇది కాకపోతే అది. పాపం, ఆవిడకేం తెలుసు?"

"అవును, పాపం," అంది వేదవతి. ఎవరిని అందో అతను అడగలేదు.

మర్నాడు ఆఫీసునుంచి త్వరగా వచ్చి అత్తగారిని నారాయణగూడ తీసుకెళ్ళాడు. ఒక ఎత్తయిన నీళ్ళ టాంకు చూపించి, "వాహనం దిగింది దీనిమీదేనండీ," అన్నాడు.

ఆవిడ తలెత్తి చూసింది. "ఈ పేటలో పంపు ఏ వేళకి వస్తుంది నాయనా?"

"సినిమాలోనాండీ?"

"కాదు, మామూలుగా."

తరవాత చిక్కడపల్లి సందులో ఒక అరుగు చూపించాడు. హీరోయిను కూర్చుని ఏడ్చిన అరుగు. కుసుమాంబగారు దానిమీద కూర్చుని చూసి, "పడమటెండ కొడుతోంది, పనికిరాదు," అని లేచింది. ఏడవడానికి కూడా నీడ కావాలి కాబోలని వీరరాఘవరావు సర్దుకున్నాడు.

వారం తిరిగేసరికి అతని సరుకు అయిపోయింది. అశోక్‌నగర్‌లో దిక్కులు చూస్తూ నడుస్తూంటే ఆవిడే ఆగింది.

"నాయనా, ఆ మేడ ఇదే కాదూ?"

ముందు వసారా, పక్కన బావి. గేటుకి ఏదో అట్టముక్క వేలాడుతోంది.

"ఇదే! ఇదే! మీ కళ్ళకి దణ్ణం పెట్టాలండీ!" అన్నాడు. ప్రాణం లేచి వచ్చింది.

ఆవిడ గేటు తీసుకుని లోపలికి నడిచింది. వసారాలో ఇంటాయన ప్రహ్లాద్ పేపరు దించి చూశాడు.

"ఎవరు కావాలె?"

"ఏం లేదన్నా, మా అత్తగారికి 'అంగారకుడి అల్లుడు' తీసిన ఇల్లు చూపిద్దామని."

"మా ఇంట్ల సినిమానా? ఎవరు చెప్పిండ్రు? మా తాత కట్టిండు గీ ఇల్లు. ఈడ సినిమా తీస్తే నాకెరుక లేకుంటదా?"

వీరరాఘవరావు అతన్ని పక్కకి లాగాడు. "జర సర్దుకో అన్నా. ఇది కాదంటే ఆవిడ బండెక్కేస్తారు."

"అత్త పోతే ఖుషీ గావాలె గద?"

"నేను పరేషాన్ అవుతానన్నా."

ప్రహ్లాద్ ఇతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "నీ అసొంటి అల్లున్ని నేనింతవరకు చూడలే. సరే, చూడుండ్రి."

కుసుమాంబగారు అప్పటికే వెనకవాటా వంటింట్లో ఉంది. పొయ్యిగట్టు చేత్తో తట్టింది. అలమారు తలుపులు తీసి మూసింది. బావిలో చేద వేసి నీళ్ళు తోడి, నోట్లో పోసుకుని పుక్కిలించి చూసింది. ఆ తరవాత ప్రహ్లాద్ భార్య ప్రభావతితో పెరట్లో కూర్చుని పొద్దు వాలేదాకా మాట్లాడింది. సినిమా అంటే ఎంత భక్తి, అని వీరరాఘవరావు మురిసిపోయాడు.

అయితే ప్రభావతి ఆ సినిమా మాట పక్కింట్లో చెప్పింది. పక్కింటావిడ కూరగాయల బండి దగ్గర చెప్పింది. చెప్పుకుంటూ చెప్పుకుంటూ అది ముషీరాబాద్ దాకా, బర్కత్‌పుర దాకా పోయింది. జనం రావడం మొదలైంది. ప్రహ్లాద్ మొదట్లో తరిమాడు. రెండో రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మూడో రోజునుంచి తనే చెప్పసాగాడు.

"వాహనం గీడ దిగింది. మా అవ్వ బియ్యం చెరుగుతున్నది. దాన్ని చూసి బెదిరి చాట ఇడిశిపెట్టింది."

గుంపులో ఒక ముసలాయన, అంగారకుడికి తానే బీడీ ఇచ్చానన్నాడు.

ఆదివారంనాడు వీరరాఘవరావు అత్తగారితో మళ్ళీ అక్కడే ఉండగా, అతని పై ఆఫీసరు విద్యాసాగర్ సకుటుంబంగా దిగాడు. "ఏమయ్యా, నువ్వూ ఉన్నావటగా అందులో? వాడు ఎలా దిగాడో చేసి చూపించు."

"నేను గుంపులో నాలుగోవాణ్ణి సార్. వీపు మాత్రమే..."

"వీపుతోనే చూపించు."

పై ఆఫీసరు మాట. జనం చప్పట్లు. వీరరాఘవరావు పంచె ఎగగట్టి వసారా పిట్టగోడ ఎక్కాడు. రెండు చేతులూ చాచాడు. కళ్ళు మూసుకుని గెంతాడు. అతను దిగాడు గాని పంచె దండేనికి తగులుకుని పైనే ఉండిపోయింది. చారల లాగుతో, బట్టలుతికే తొట్లో, మెడదాకా నీళ్ళలో కూర్చుని కళ్ళు తెరిచాడు.

"సినిమాల గూడ గిట్లనే పడ్డడు!" అని అరిచాడు ప్రహ్లాద్.

కుసుమాంబగారు కొంగుతో అల్లుడి తల తుడిచింది. "ఇంక చాలు నాయనా. చూడవలసింది చూసేశాను."

మర్నాడు పొద్దున హోల్డాలు మళ్ళీ కిందికి దిగింది. వీరరాఘవరావు ముక్కు చీదుకుంటూ, శాలువా కప్పుకుని, తనే వెళ్ళి రిక్షాలు పిలిచాడు. జలుబు కాబట్టి కళ్ళెందుకు ఎర్రబడ్డాయో ఎవరూ అడగలేదు. వేదవతి మాత్రం పెళ్ళికి పోతున్నట్టు కొత్త చీర కట్టుకుంది.

"ఎటు అమ్మ, టేషనా?" అన్నాడు రిక్షా అతను.

"అశోక్‌నగర్, నాయనా."

ఆఖరిసారి చూసుకుంటుంది కాబోలు అనుకున్నాడు అల్లుడు. అక్కడ గేటుకి 'టు లెట్' అట్టముక్క లేదు. వెనకవాటా గుమ్మం ముందు ముగ్గు వేసి ఉంది. ప్రభావతి ఎదురొచ్చి, "రా అమ్మా, పాలు పొంగించుకుందువు," అని హోల్డాలు అందుకుంది.

వీరరాఘవరావు గేట్లోనే నిలబడిపోయాడు.

"అల్లుడింట్లో ఉంటే నలుగురూ అంటారు గాని, అల్లుడి పక్కపేటలో ఉంటే ఎవరేమంటారు నాయనా?" అంది కుసుమాంబగారు. "ఒక వాటా చూసుకుందామని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. ఊరు తెలియనిదాన్ని, ఎవరు తిప్పుతారని వదులుకుని బయల్దేరితే, మీరే రోజుకో పేట తిప్పారు."

"మరి సినిమా, అత్తయ్యగారూ?"

"ఏ సినిమా? దీపాలార్పగానే నాకు కునుకు పట్టేసింది. మెలకువ వచ్చేసరికి ఏదో మేడ కనపడింది. అలాంటిది దొరికితే బాగుండుననిపించింది."

వీరరాఘవరావు భార్యవైపు తిరిగాడు. "నీకు ముందే తెలుసా?"

"పోపులపెట్టె మీద ఒట్టు, మొదటి రోజే తెలుసు. చెబితే మీరు ఇంత శ్రద్ధగా తిప్పేవారా?"

ప్రహ్లాద్ గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాట సార్. కిరాయి జర పెరుగుతది. ఇప్పుడిది సినిమా ఇల్లు."

"అది అబద్ధమని నీకు తెలుసు కదన్నా!"

"అబద్ధమెట్లయితది? మీరే చెప్పిండ్రు. నాకు గూడ యాదికొచ్చింది."

ఆ పెరిగిన కిరాయి వీరరాఘవరావు సిగరెట్ల మీద పడింది. అయితేనేం? సాయంత్రం గేటు పట్టుకుని ఒక మనిషి నిలబడే ఉంటోంది. మారింది గేటు, అంతే. ఆవిడ పెట్టింది తినకపోతే ఆవిడ ఊరుకోదు. ఇంటికెళ్ళి మళ్ళీ తినకపోతే వేదవతి ఊరుకోదు. రెండు భోజనాలమధ్య రోజూ చిక్కిపోతూనే ఉన్నాడు.

ఒక సాయంత్రం ముషీరాబాద్ కుటుంబమొకటి ఆ మేడ చూడ్డానికి వచ్చింది. అన్నీ చూసి, "అంగారకుడు సరే, అల్లుడు ఎవరు?" అని అడిగారు.

ప్రహ్లాద్ వెనకవాటా వైపు చెయ్యి చూపించాడు. "గా పీట మీద కూసున్నాయననే."

నోటినిండా గోంగూర అన్నం. వీరరాఘవరావు తల మెల్లగా ఊపాడు.