మూడో అంతస్తు దగ్గర అడ్డం

ఆ శనివారం పొద్దున గవరమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. ఎండిన కానాగంతలను మూట కట్టి, దీవుల ఉత్తరపు కొసన పగలంతా బస్సు ప్రయాణమయ్యే డిగ్లీపూర్‌లో ఉన్న చెల్లెలు సీతాలుకి మర్నాడు తెల్లారి బస్సులో పంపించాలి. పని చిన్నదే. కాని ఆ చేపలు ఎక్కడ ఎండుతున్నాయో ఆమెకీ, మొగుడు నూకన్నకీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు.

మిడిల్ పాయింట్‌లో కొత్తగా లేచిన ఎనిమిదంతస్తుల మేడలో వాళ్లది మూడో అంతస్తు. బతు బస్తీలో రేకుల ఇంట్లో బతికిన గవరమ్మకి ఈ మేడ మీద గృహప్రవేశం రోజు నుంచీ అనుమానమే. పడమటి గోడకి కిటికీలు ఎందుకు లేవు? ఎండ తగలకుండా అన్నారు. డాబా మీద పడ్డ వానంతా నేల కింద తొట్టిలోకి ఎందుకు పోతోంది? వేసవిలో నీళ్లకి అన్నారు. అన్నిటికంటే పెద్ద అనుమానం మేడ కడుపులో ఉన్న గాలిబావి. కింది నుంచి డాబా దాకా నిలువునా ఖాళీ. ప్రతి వంటింటి జాలీ అందులోకే తెరుచుకుంటుంది. కింద సముద్రపు గాలి దూరి, వంటిళ్ల వేడినీ పొగనీ లాక్కుని పైనుంచి పోతుందనీ, ఏసీలతో పని లేదనీ, ఇంట్లోవాళ్లకి దగ్గూ ఆయాసం రావనీ మేడ నమూనా గీసిన ఇంజనీరు ప్రేమావతి చెప్పింది.

"ఉట్టి గాలి కోసం ఎవులైనా ఇంత జాగా ఒదిలేత్తారేటి? ఇందులో ఇంకేదో ఉంది," అంది గవరమ్మ.

ఎన్నిసార్లు తొంగి చూసినా ఏమీ కనబడకపోయేసరికి, చివరికి తనే ఏదో పెట్టింది. డాబా మీద చేపలు ఎండబెట్టకూడదని మేడ సంఘం తీర్మానం చేయగానే, తన వంటింటి జాలీ ఊడదీసి, గాలిబావికి అడ్డంగా నూకన్న పాత వల కట్టి, ఉప్పు పట్టించిన కానాగంతలు దాని మీద పరిచేసింది. కాకి లేదు, ఈగ లేదు, వాన భయం లేదు. వాసన తన ఇంట్లోకి రాకుండా జాలీ ఉన్నచోట చెక్క అడ్డం పెట్టింది. వాసన పైకి పోయింది. అది పైవాళ్ల సంగతి.

పొద్దున్నే చెక్క తీసి చేపను నొక్కి చూస్తుండగా పైనుంచి మాటలు వినబడ్డాయి. ఒకటి నాలుగో అంతస్తులో ఉండే మేడ సంఘం సెక్రటరీ జీవరాజు గొంతు, రెండోది ప్రేమావతిది. పై అంతస్తుల్లో గాలి ఆడటం లేదనీ, కంపు కొడుతోందనీ, బావిని సిమెంటుతో మూసేయడానికి సాయంత్రం మీటింగ్ పెట్టారనీ వాళ్లు అంతకుముందే మాట్లాడుకున్నారు. అగరుబత్తి వెలిగించి జీవరాజు ఇంటి జాలీ దగ్గర పెట్టి, పొగ పైకి లేవకపోవడం చూశారు. మేడ కట్టేటప్పుడు మేస్త్రీలు వదిలేసిన చెక్కేదో కింద ఇరుక్కుందనుకున్నారు. అదేమీ గవరమ్మ వినలేదు. విన్నది ఆ తరువాతి ముక్క.

"మూడో అంతస్తులోదే అడ్డం," అంటోంది ప్రేమావతి. "దాన్ని తీసేస్తే గాని పైవాళ్లకి ఊపిరాడదు."

"పాతదంటారా మేడమ్?"

"పాతదే అయ్యుంటుంది. బిగుసుకుపోయి ఉంటే రెండు ముక్కలు చేసైనా లాగేద్దాం."

"ఎవరికీ చెప్పొద్దు. ఊరికే గొడవైపోతుంది. ఈరోజే కానిచ్చేద్దాం."

గవరమ్మ చేతిలో చేప జారిపోయింది. పడగ్గదిలోకి పరుగెత్తి మొగుణ్ణి కుదిపేసింది.

"మావా! నాను పాతదాన్నంట! నన్ను రెండు ముక్కలు సేసి లాగేత్తారంట!"

నూకన్న ఓడలో సరంగుగా చేసి రిటైరైన మనిషి. తుఫాన్లలో కూడా నిద్రపోవడం నేర్చుకున్నాడు. "ఎవులు?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"సెక్రటరీ, ఆ ఇంజనీరు పిల్లానూ."

"మంచోళ్లే గదే," అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ మాటతో గవరమ్మకి కొత్త భయం పట్టుకుంది. ఎవరేమడిగినా "అలాగే భయ్యా" అనడం తప్ప ఈయనకి ఇంకో మాట రాదు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నా అలాగే అంటాడు. ఆమె గది తలుపు మూసి బయట గొళ్లెం పెట్టేసింది.

కాసేపటికి జీవరాజు తలుపు తట్టాడు. గవరమ్మ చెయ్యి పట్టేంత సందు మాత్రం తెరిచింది.

"దీదీ, నూకన్న భయ్యా ఉన్నాడా? మీ వంటింట్లో చిన్న పనుంది."

"ఇంట్లో నేడు. డిగ్లీపూర్ ఎల్లాడు."

"రాత్రి మెట్ల మీద కనిపించాడే?"

"రాత్రే ఎల్లాడు."

"రాత్రిపూట డిగ్లీపూర్‌కి బస్సెక్కడిది దీదీ?"

"నడిసెళ్లాడు!" అని తలుపు మూసేసింది.

తరువాత సాయంత్రం మీటింగ్‌కి పిలవడానికి ఎనిమిదో అంతస్తు నుంచి కాళమ్మ దిగి వచ్చింది. ఈవిడా ఆ ముఠాలో మనిషేనని గవరమ్మకి అర్థమైపోయింది.

"ఆయనకి ఒంట్లో బాలేదు. మాటాడ్డు. ఇంక ఎవులితోనూ మాటాడ్డు," అని చెప్పి పంపేసింది.

జీవరాజూ కాళమ్మా మెట్ల మీద కలుసుకున్నారు. రెండు జవాబులు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. కాళమ్మ గొంతు తగ్గించింది.

"భయ్యా, మొన్న ఆవిడ ఉప్పు మూట మోసుకొత్తుంటే సూసినాను. ఇద్దరు మనుషులకి అంత ఉప్పు దేనికి?"

జీవరాజుకి నవ్వొచ్చింది గాని, కంపు గుర్తొచ్చి ఆగిపోయింది. ఇంటికి వెళ్లి, ప్రేమావతి పక్కన నిలబడి, జాలీకి చెవి ఆనించాడు. కింద గవరమ్మ ఫోనులో సీతాలుతో మాట్లాడుతోంది.

"తల కోసేసినాను. పేగులు తీసేసినాను. బాగా ఉప్పెట్టినాను. మూట కట్టి రేపు బస్సెక్కించేత్తే ఇక్కడ ఎవులికీ తెల్దు."

"ప్రభువా!" అన్నాడు జీవరాజు. అగరుబత్తి కాలి వేలికి తగిలినా అతనికి తెలియలేదు. పోలీసులకి ఫోను చేసింది ప్రేమావతే.

హవల్దారు వచ్చేసరికి మెట్ల నిండా జనం. ఖాకీ బట్టలు చూడగానే గవరమ్మ అనుమానాలన్నీ నిజమైపోయాయి.

"నాను కదల్ను! ముక్కలు సేసినా ఈ ఇంట్లోంచి కదల్ను!"

"చుప్! మీ ఆయన ఎక్కడమ్మా?" అన్నాడు హవల్దారు.

"అది మా ఇంటి సంగతి!"

హవల్దారు ముక్కుకి రుమాలు కట్టుకుని లోపలికి నడిచాడు. పడగ్గదికి బయట గొళ్లెం చూసి వెనక్కి తిరిగి అందరికీ చూపించాడు. తలుపు తెరిచాడు. మంచం మీద నూకన్న మెడదాకా తెల్లదుప్పటి కప్పుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, కదలకుండా ఉన్నాడు. కాళమ్మ "ఓలమ్మో!" అని శోకం అందుకుంది. జీవరాజు ప్రార్థన మొదలుపెట్టాడు.

నూకన్న ఒక కన్ను తెరిచాడు. "చాయ్ అయిందేటే?" అన్నాడు. తరువాత జనాన్ని చూసి, "అందరికీ పెట్టు," అన్నాడు.

ఈ గోలలో వంటింట్లోకి వెళ్లింది ప్రేమావతి ఒక్కతే. చెక్క లాగేసరికి వల, వల నిండా చేపలు బయటపడ్డాయి. అప్పుడు జనమంతా గవరమ్మ వైపు తిరిగారు.

"ఈవిడ సేపల కంపుకా మేము బావి మూసేద్దామనుకున్నది!" అని కాళమ్మ లేచింది. "ఈవిణ్ణే పంపించేయాలి!"

గవరమ్మ గోడకి ఆనుకుపోయింది. పొద్దుటి నుంచి భయపడిన మాట ఇప్పుడు నిజంగానే వినబడింది. "ఇందాకా తీసేత్తాననింది నన్ను గాదా?" అంది నీరసంగా.

"వలని ఆంటీ. మిమ్మల్ని కాదు," అంది ప్రేమావతి. ఆమె చేతిలో కానాగంత ఉంది. విరిచి చూసింది. కటుక్కుమని విరిగింది. ఈ మేడ కట్టిన నాటి నుంచి గాలి కోసం జాగా పాడుచేసిందని ఆమెను అనని మనిషి లేడు. "జీవరాజు గారూ, వల అడ్డం ఉండగానే ఇంత బాగా ఎండాయి. అంటే నా బావి పనిచేస్తోంది!" అంది.

జీవరాజు విరిచి చూశాడు. కాళమ్మ కూడా విరిచి, నోట్లో వేసుకుని, కోపం మధ్యలో ఆగిపోయింది. "ఉప్పు సరిగ్గా పడింది," అంది.

గవరమ్మ తన చేత్తోనే వల విప్పింది. నాలుగో అంతస్తులో మళ్లీ వెలిగించిన అగరుబత్తి పొగ నిటారుగా పైకి లేచింది. గాలి వస్తోందని ఎనిమిదో అంతస్తు నుంచి ఎవరో కేకేశారు. సాయంత్రం జరగాల్సిన మీటింగ్ అక్కడే మెట్ల మీద అయిపోయింది. బావి మూయకూడదు, డాబా మీద ఒక మూల చేపలకి వదలాలి.

గవరమ్మ జాలీ బిగిస్తూ మరోసారి లోపలికి తొంగి చూసింది. "అయితే ఇందులో గాలి తప్ప ఇంకేటీ నేదా?" అని అడిగింది, కొంచెం నిరాశగానే.

హవల్దారు మాత్రం హత్య కేసని వచ్చినవాడు, ఉత్త చేతులతో వెళ్లడానికి రూల్సు ఒప్పుకోవన్నాడు. చేపలన్నీ సాక్ష్యం కింద స్టేషన్‌కి వెళ్లాయి. అక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి కేసు మూసేశారు.