మాంద్యాన్ని వెళ్లనివ్వకండి

ఆర్థిక మాంద్యాన్ని తిట్టేవాళ్లకు కళ్లు పోతాయి! పేపర్లో వారం వారం ఏదో ఒకటి రాయాలి కదా అని ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఏడాదిన్నరగా దాన్ని దగ్గరనుంచి చూసి, అనుభవించి, లాభపడి మరీ చెబుతున్నాను.

మాంద్యం రాకముందు మన బతుకులేమిటో ఒక్కసారి గుర్తు చేసుకోండి. బట్టల షాపుకు వెళితే సేల్స్‌మన్ ముందు మన చెప్పుల వైపు చూసేవాడు. మన స్థాయి కనిపెట్టి, మూలనున్న ర్యాకు చూపించి తన దారిన పోయేవాడు. ఇప్పుడో? తలుపు తీసి పట్టుకుంటున్నాడు, కుర్చీ వేస్తున్నాడు, మంచినీళ్లిస్తున్నాడు! మొన్న ఎండకు తాళలేక కాసేపు ఏసీ కింద నిలబడదామని వెళితే, నాకోసం నలభై చొక్కాలు విప్పి పరిచాడు. ఒక్కటీ కొనకుండా వచ్చేస్తుంటే మళ్లీ రమ్మని బతిమాలాడు. మా అత్తగారింట్లో కూడా నాకింత మర్యాద ఎన్నడూ జరగలేదు.

బ్యాంకు వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. లోన్ కావాలా, కార్డు కావాలా అంటూ రోజుకు నాలుగు ఫోన్లు చేసేవారు. భోంచేసి కాస్త నడుం వాలిస్తే చాలు, ఫోన్ మోగేది. ఇప్పుడు పూర్తిగా మానేశారు. ఎంత ప్రశాంతత! పోయిన వారం నేనే ఫోన్ చేసి లోన్ అడిగాను. అవతలి అమ్మాయి పాపం చాలా మంచిది, నన్ను కాసేపు ఓదార్చి పెట్టేసింది.

ఇక మా పక్కింటాయన. కొత్త కారు గురించి చెప్పి చెప్పి మూడేళ్లు నా చెవులకు తూట్లు పొడిచాడు. ఇప్పుడు ఆయనా నేనూ ఒకే బస్సులో వేలాడుతున్నాం. ఏ కమ్మీ పట్టుకోవాలో, ఏ స్టాపులో సీటు ఖాళీ అవుతుందో ఆయనకు నేనే నేర్పాను. సమసమాజం సమసమాజం అంటారే, అది మరి దేనివల్ల వచ్చినట్టు?

అన్నిటికన్నా పెద్ద మేలు మా ఇంట్లోనే జరిగింది. మా ఇంట్లో కింద తమ్ముడి కుటుంబం, పైన మేము ఉంటాం. వాడు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్. పంతొమ్మిదేళ్లుగా ఒకే మెషిన్! పెట్టెను వేలితో తట్టి, అది ఎంత బరువు మోస్తుందో చెప్పేస్తాడు. జనం వస్తువులు కొంటేనే కదా, వాటిని పెట్టడానికి పెట్టెలు కావాలి? జనం కొనడం మానేశారు. వాడి ఆరు రోజుల పని మూడు రోజులైంది.

మిగతా మూడు రోజులూ వాడు ఇంట్లోనే. కూతురు ఏడో తరగతిలో ఉందని వాడికి అప్పుడే తెలిసింది, అంతదాకా ఐదనుకుంటున్నాడు. ఏళ్ల తరబడి కారుతున్న వంటింటి కుళాయికి రిపేరు చేశాడు. అది కారడం మానేసింది, చిమ్మడం మొదలుపెట్టింది. అయినా తండ్రీకూతుళ్లు కలిసి నేల తుడుచుకుంటుంటే చూడముచ్చటగా ఉంది.

మా మరదలికి మాత్రం నాకున్నంత విశాల దృష్టి లేదు. రెండు నెలల్లో కొత్త ఆర్డర్లు రాకపోతే మా వాడి మెషిన్ ఆపేస్తానని ఓనర్ చెప్పాడట. నలభై ఆరేళ్ల మనిషికి ఇంకెవరు పని ఇస్తారని ఆమె బెంగ. నేను ఆమెను కూర్చోబెట్టి మాంద్యం వల్ల కలిగే మేళ్ల గురించి అరగంట చెప్పాను. ఆమె అన్నీ విని, లేచి వెళ్లి గిన్నెలు తోముకుంది. ఆ రోజు గిన్నెలు కాస్త గట్టిగానే మోగాయి.

ఇంతకీ ఈ మాంద్యం ఎందుకు వచ్చింది? అడిగినవాళ్లకు అడిగినంత సమాధానం! జనం తాహతుకు మించి ఖర్చు పెట్టడం వల్లేనని టీవీలో ఒక నిపుణుడు తేల్చాడు. జనం అసలు ఖర్చే పెట్టకపోవడం వల్లనని ఆయన పక్కాయన తేల్చాడు. మూడో ఆయన ఇద్దరూ చెప్పింది నిజమేనన్నాడు. ఆయన టై కట్టుకున్నాడు కాబట్టి నేను ఆయన మాటే నమ్మాను.

మంత్రిగారు మాత్రం అసలు రహస్యం విప్పారు. మాంద్యమన్నది మనసులోనే ఉందట! ఉందనుకుంటే ఉంటుందట, అనుకోవడం మానేస్తే పోతుందట. మా తమ్ముడు శ్రద్ధగా రెండు రోజులు అనుకోవడం మానేసి, మూడో రోజు లంచ్ బాక్స్ పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు. గేటుకు తాళం ఉంది. ఆ తాళం వేసిన వాచ్‌మన్ ఇంకా అనుకుంటూనే ఉన్నాడన్నమాట.

నాకు మరో అనుమానం కూడా వచ్చింది. నా భార్య రెండేళ్లుగా వాషింగ్ మెషిన్ కొందామంటోంది, వచ్చే నెల వచ్చే నెల అంటూ దాటేస్తున్నది నేనే. వాషింగ్ మెషిన్ కొనకపోతే దాని పెట్టె అక్కర్లేదు. పెట్టె అక్కర్లేకపోతే... అంటే నా తోడబుట్టినవాడి పని తినేస్తున్నది నేనేనా? ఇలాంటి ఆలోచనలు వస్తాయనే నేను టీవీ ఎక్కువసేపు చూడను.

మరి ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందా? ఎంత మాట! వెంటనే కమిటీ వేసింది. పదకొండు మంది పెద్దలు, వాళ్లకు పదకొండు కార్లు, పదకొండు తిరిగే కుర్చీలు. ఏడాదిపాటు ఆ కుర్చీల్లో తిరిగి తిరిగి, మాంద్యానికి మూడు వందల పన్నెండు కారణాలు కనిపెట్టారు. అవి పదమూడు సంపుటాలయ్యాయి. నా వాషింగ్ మెషిన్ ఎన్నో సంపుటంలో ఉందో నాకు తెలియదు.

ఆ సంపుటాలను ప్రతి ఊళ్లో ప్రతి ఆఫీసుకూ ఒక్కో సెట్టు పంపాలని నిర్ణయించారు. పదమూడు సంపుటాలు ఎవరైనా చంకలో పెట్టుకుని పోగలరా? అట్టపెట్టెలు కావాలి! లక్షా ఇరవై వేల పెట్టెలకు ఆర్డరు వచ్చింది. వచ్చింది కూడా ఎక్కడికి? మా తమ్ముడి ఫ్యాక్టరీకి! ఓనర్ ఆ పొద్దున నక్కను తొక్కి వచ్చినట్టున్నాడు.

మూడు రోజుల పని మళ్లీ ఆరు రోజులైంది, షిఫ్టులు రెండయ్యాయి. మా తమ్ముడు ఒంటినిండా అట్ట పొడితో ఇంటికొచ్చి, స్నానం చేస్తూ కూనిరాగాలు తీసేవాడు. మరదలి ముఖం తేటపడింది. మాంద్యమే రాకపోతే కమిటీ ఎక్కడిది, కమిటీ లేకపోతే పెట్టెలెక్కడివి అని నేను అడిగితే ఈసారి ఆమె కాదనలేకపోయింది.

ఇంతలో కమిటీకి పద్నాలుగో సంపుటం రాయవలసి వచ్చింది. దేశం ఇప్పుడెలా ఉందో అందులో చెప్పాలి. దానికోసం పాపం పెద్దలు కుర్చీలు దిగి బయటికి రావలసి వచ్చింది. వాళ్లలో ఒకాయన దగ్గర గొప్ప సిద్ధాంతం ఉంది. ఊరి వ్యాపారం సంగతి తెలియాలంటే అట్టపెట్టెల ఫ్యాక్టరీని చూస్తే చాలునట. పెట్టెలు కదులుతున్నాయంటే సరుకు కదులుతున్నట్టే కదా! సిద్ధాంతంలో తప్పేముంది చెప్పండి?

పదకొండు మందీ మా వాడి ఫ్యాక్టరీకే వచ్చారు. మెషిన్లు హోరెత్తిపోతున్నాయి. కప్పు దాకా పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఛైర్మన్‌గారు మా తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, ఎన్ని షిఫ్టులు నడుస్తున్నాయని అడిగారు. రెండని వాడు చెప్పాడు. మునుపో అంటే, వారానికి మూడు రోజులే ఉండేదన్నాడు. ఆయన మిగతా పదిమంది వైపు గర్వంగా చూశారు.

మా తమ్ముడికి కడుపులో మాట దాగదు. అడగకపోయినా చెప్పేశాడు.

"ఇవన్నీ మీ రిపోర్టు పెట్టుకోడానికేనండి. బయట్నుంచి ఒక్క ఆర్డరూ లేదు."

"ఎవరు కొంటే ఏమయ్యా, కొంటున్నారు కదా" అన్నారు ఛైర్మన్‌గారు.

పక్కనున్న సభ్యుడు గిరాకీ బలంగా ఉందని రాసుకున్నాడు. తర్వాత మా వాణ్ని పెట్టెల గుట్ట పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. నవ్వమన్నారు. వాడు నవ్వాడు.

కొండను తవ్వి ఎలుకను పట్టేవాళ్లను మనం ఎందరినో చూశాం. వీళ్లు ఎలుకను ఇంటినుంచి తెచ్చి, కొండలో వదిలి, మళ్లీ వాళ్లే పట్టుకున్నారు!

సోమవారం మంత్రిగారు టీవీలో మాంద్యం ముగిసిందని ప్రకటించారు. ఆయన వెనక గోడంత బొమ్మలో మా తమ్ముడు నవ్వుతున్నాడు. వీధి వీధంతా వచ్చి వాణ్ని అభినందించింది. పక్కింటాయన అయితే కారు మళ్లీ బయటికి తీస్తానన్నాడు.

మంగళవారం ప్రభుత్వానికి ఒక సందేహం వచ్చింది. లేని మాంద్యం మీద రిపోర్టు దేనికి? దండగ ఖర్చు కదా! అచ్చు ఆపించేశారు. అచ్చు ఆగితే పెట్టెలెందుకు? ఆర్డరు రద్దు చేశారు. బుధవారం సాయంత్రం మా తమ్ముడి మెషిన్ ఆపేశారు. ఓనర్ ఈసారి మూడు రోజుల మాట కూడా ఎత్తలేదు, మొత్తానికే రావద్దన్నాడు.

గురువారం పొద్దున్నే వాడు అలవాటు ప్రకారం తయారై, గేటు దాకా వెళ్లి, తిరిగి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఏడాదిన్నరగా మాంద్యం మేళ్లు ఏకరువు పెట్టినవాణ్ని, వాడికి చెప్పడానికి ఒక్క మేలూ తోచలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మరదలు తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"మాంద్యం పోయిందంట కదా బావగారూ. పోతాపోతా మీ తమ్ముడి పనెందుకు పట్టుకెళ్లిందో మీ పేపర్లో కాస్త అడగండి."

అందుకే అడుగుతున్నాను. మంత్రిగారూ, కమిటీ పెద్దలూ, మీ చలవ వల్ల వచ్చిన ఈ మంచి రోజులు మాకొద్దు. దయచేసి మా మాంద్యాన్ని మాకు వెనక్కి ఇప్పించండి. అది ఉన్నన్నాళ్లూ మా వాడికి వారానికి మూడు రోజులైనా పని ఉండేది.