ముప్పై ఉదయాల కాఫీ

కళ్ళజోళ్ళ కొట్టాయన ఇరవై రెండేళ్ళుగా ఒకే అబద్ధాన్ని రోజూ పొద్దున్న ఆరున్నరకి తడుముకోకుండా ఆడుతున్నాడు. భార్య ఇచ్చిన కాఫీ ఒక గుక్క మింగి "అమృతం" అంటాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే మిగిలిందంతా పూలకుండీలో పోస్తాడు. ఇళ్ళు మారాయి, కుండీలు మారాయి, కాఫీ మాత్రం మారలేదు.

ఆ కాఫీలో మాడు వాసన ముందొస్తుంది, చేదు వెనకాల వస్తుంది, పాల జాడ ఎక్కడా ఉండదు. అయినా నోరు విప్పే వీల్లేదు. "మా ఆయనకి లక్ష లోపాలుండొచ్చు గానీ, నా దగ్గర ఒక్క మాట దాచరు" అని ఆవిడ చుట్టాలందరికీ చెప్పుకుంటుంది. ఇంట్లో ఆయనకున్న పరువల్లా అదొక్కటే.

ఆ పరువుకి అత్తగారి రూపంలో ఎసరొచ్చింది.

ఆవిడని బంధువులంతా కెమెరా అత్తయ్య అంటారు. వీడియో అంటే పెళ్ళిళ్ళకే అనుకునే రోజుల్లో ఆవిడ కారుతున్న కుళాయిని గంటసేపు తీసింది, నిద్రపోతున్న భర్తని నాలుగు గంటలు తీసింది. అప్పట్లో పిచ్చి అన్నవాళ్ళే ఇప్పుడు వీడియో కళకి ఆద్యురాలంటున్నారు. నలభై ఏళ్ళ పనంతా కలిపి ఒక పెద్ద హాల్లో ప్రదర్శన పెట్టారు.

ముందురోజు అల్లుడు సాయానికి వెళ్ళాడు. వరసగా పేర్చిన పాత డబ్బా టీవీల దుమ్ము తుడుస్తూ పదకొండోదాని దగ్గర ఆగిపోయాడు. అందులో తనే ఉన్నాడు. కొత్త మీసం, కొత్తపెళ్ళికొడుకు లాల్చీ. అటూ ఇటూ చూసి, గ్లాసు గులాబీ కుండీలో వంచి, మూతి తుడుచుకుంటున్నాడు. మళ్ళీ తెల్లారుతోంది, మళ్ళీ వంచుతున్నాడు. కింద "గులాబీ మొక్క: ముప్పై ఉదయాలు" అని రాసి ఉంది. పెళ్ళైన కొత్తలో అత్తారింట్లో ఉన్న నెల అది.

ఆ టీవీ ఒక్కటీ తీసేయమని వెళ్ళి అత్తగారిని బతిమాలాడు. అందరూ మెచ్చింది అదేననీ, మొక్క రోజురోజుకీ వాడిపోవడంలో కాలమహిమ కనిపిస్తుందనీ ఆవిడ శాంతంగా చెప్పింది.

"మరి ఆ పోసేవాడో?"

"మానవ నైజం, అల్లుడుగారూ."

ఇక లాభం లేదని, మర్నాడు తలుపులు తీయగానే వెళ్ళి పదకొండో టీవీకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఎవరైనా ఎడమనుంచి తొంగిచూస్తే ఎడమకి, కుడినుంచి చూస్తే కుడికి జరిగాడు. ఇదేదో వింతగా ఉందని ఇద్దరు ఆగారు. ఇద్దరు ఇరవైమందయ్యారు. మిగతా టీవీల దగ్గర ఈగ కూడా లేదు. ఒక కాలేజీ పిల్ల ఆయన చెమటని దగ్గరనుంచి ఫొటో తీసుకుంది.

గడ్డం పెంచిన విమర్శకుడొకాయన అత్తగారిని పిలిచి, ఈ మనిషి కూడా మీ కళలో భాగమేనా, ఈ ప్రయోగం ఎప్పట్నుంచి నడుస్తోంది అని అడిగాడు. ఇరవై రెండేళ్ళుగా అంది ఆవిడ. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విని భార్య వచ్చింది.

"కాస్త పక్కకి జరగండి."

"ఇక్కడేం లేదే. ఉత్త మొక్క. పాపం ఎండిపోతుంది, నువ్వు చూడలేవు."

"ఎప్పుడో చూశాను. రోజూ కెమెరాలో టేపు మార్చింది నేనేగా."

ఆవిడ కూరలు బేరమాడుతున్నంత మామూలుగా చెప్పుకొచ్చింది. మొదటిరోజు కంగారులో కాఫీ మాడిందట. పారబోసి మళ్ళీ పెడదామనుకునేలోపే ఈయన అమృతమనీ, రోజూ ఇలాగే పెట్టమనీ అన్నాడట. ఈయన నాలుకే అంత కాబోలనుకుని మర్నాడు కావాలనే మాడ్చిందట. వారం తరవాత టేపు చూసిందట.

"మరి అప్పుడే అడగొచ్చుగా?"

"మీరే చెప్తారనుకున్నాను. ఒక్క మాట దాచరని ఊరంతా చాటాను, సిగ్గుపడైనా చెప్తారేమోనని. ఇరవై రెండేళ్ళు వేరే గిన్నెలో మాడబెట్టడం తేలికనుకున్నారా?"

"వేరే గిన్నెలోనా? మరి నువ్వు తాగేది?"

"నేను తాగేది మంచి కాఫీ" అంది ఆవిడ.

ఆయన పదకొండో టీవీ ముందునుంచి తప్పుకున్నాడు. జనం ఒకసారి తెరని, ఒకసారి ఆయన్ని చూసి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఇంటికి వెళ్ళే దారిలో, రేపటినుంచి కాఫీ మీరే పెట్టండని ఆవిడ తేల్చి చెప్పింది.

మర్నాడు ఆరున్నరకి పాలు రెండుసార్లు పొంగించి, చెయ్యి ఒకసారి కాల్చుకుని, గ్లాసు తెచ్చి భార్య చేతికిచ్చి, పరీక్ష రాసిన పిల్లాడిలా ఎదురుగా కూచున్నాడు. ఆవిడ ఒక గుక్క తాగింది.

"బాగాలేదు" అంది.

అంతే. అంత చిన్న మాట. ఇంట్లో మిన్ను విరిగి మీదపడలేదు. ఇరవై రెండేళ్ళు తను మింగిన మాట ఇంతేనా అని ఆయన విస్తుపోయి చూస్తుండగానే, ఆవిడ పేపరు తిరగేస్తూ ఆ బాగాలేని కాఫీని అడుగుదాకా తాగింది.