దరియావలి దాచిన మోకాలు

అరవై ఒకటో సంవత్సరం వేసవిలో, ఒక సోమవారం పొద్దున పోస్ట్‌మన్ దరియావలి వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా కుంటకూడదు. ఇందుకూరుపేట నుంచి సముద్రపు ఒడ్డున ఐదు పల్లెలు, పోనూ రానూ పద్నాలుగు మైళ్లు, అందులో సగం ఇసుక. యాభై ఏడేళ్ల మనిషికి ఎడమ మోకాలు ఎప్పుడో ఎదురుతిరిగింది. ఆ సంగతి భార్య జైతూన్‌బీకి తప్ప ఎవరికీ తెలియదు. ఇవాళ నెల్లూరు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి, వయసు మళ్లిన పోస్ట్‌మన్ ఎలా నడుస్తాడో వెంట నడిచి చూస్తాడట. పనికిరాడని రాశాడంటే ఉద్యోగం పోతుంది, ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

మోకాలికి ఉప్పు కాపడం పెడుతూ జైతూన్‌బీ, ఉన్న మాట చెప్పేయరాదా అంది. దరియావలి ఆ మాట వినిపించుకోలేదు. అంతకుముందు రోజే మొదటి పల్లెలో జాలరి చెంగయ్యను కలిసి, ఆఫీసరు అడిగితే తన గురించి కాస్త బాగా చెప్పమని బతిమాలుకున్నాడు. ఆ ‘కాస్త’ను చెంగయ్య అక్కడే వదిలేశాడు.

ఇన్‌స్పెక్టరు కామాక్షయ్య చిన్నవాడే. కాళ్లకు తోలు బూట్లు, చేతిలో నోటుపుస్తకం, మాట బహు తక్కువ. వీళ్లు మొదటి పల్లె చేరేసరికి చెంగయ్య మనుషులు పెద్ద వలను ఒడ్డుకు లాగుతున్నారు.

“రోజూ ఈ దోవన పోతా మా దరియావలన్న కూడా వల లాగి పోతాడు సార్. తాడు పట్టందే ఆయనకి పొద్దుపోదు,” అన్నాడు చెంగయ్య.

దరియావలి పుట్టి బుద్ధెరిగి ఆ తాడు ముట్టుకోలేదు. ఇప్పుడు కాదంటే బండారం బయటపడుతుంది. సంచి దించి, పళ్లు బిగించి లాగాడు. ఇన్‌స్పెక్టరు ఏదో రాసుకున్నాడు.

తాడు పట్టినవాణ్ణి వట్టి చేతులతో పంపితే మర్నాడు వల వట్టిదవుతుందని ఆ పల్లెవాళ్ల నమ్మకం. అందుకని బుట్టెడు చేపలు దరియావలి భుజానికి తగిలించారు. ఈ వైభవం చూసి రెండో పల్లెలో కామమ్మకు రోషం వచ్చింది. చెంగయ్య పల్లెకేనా దరియావలి అయినవాడు? మూడో పల్లెలో ఉన్న కూతురికి ఇవ్వమని రాగుల మూట తెచ్చి ఆయన నెత్తిన పెట్టింది. రోజూ ఇలాగే మోస్తాడని, ఎప్పుడూ కాదనడని ఇన్‌స్పెక్టరుకు గట్టిగా చెప్పింది. పాపం, ఆమెది మంచి మనసే. దరియావలి మాత్రం ఆమెను లోలోపల తిట్టని తిట్టు లేదు. మోకాలు కటకటమంటుంటే పైకి నవ్వుతూ నడిచాడు.

మూడో పల్లె కనిపించేసరికి కామాక్షయ్య ఆగి పుస్తకం మూశాడు.

“ఇంత సత్తువ ఉంటే నీకింకో రెండు పల్లెలు కలపొచ్చయ్యా,” అన్నాడు.

దరియావలి రాగుల మూట దించాడు. చేపల బుట్ట దించాడు. ఉత్తరాల సంచి దించాడు. ఆపైన తానూ ఇసుకలో చతికిలబడ్డాడు.

“నా వల్ల కాదు సార్. ఏడేళ్ల నుంచి ఈ మోకాలితో ఈడ్చుకుంటా తిరుగుతుండా. తాడు ఎప్పుడూ పట్టలేదు, మూట ఎప్పుడూ మొయ్యలేదు. ఇంటికి పంపినా సరే, అబద్ధం ఇంక మొయ్యలేను.”

అన్నాక భయం వేయాలి. వేయలేదు. ఒళ్లంతా తేలికైపోయి, నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

కామాక్షయ్య కూడా పక్కనే కూలబడి బూట్లు విప్పాడు. రెండు మడమలూ బొబ్బలెక్కి ఉన్నాయి.

“ఈ మాట పొద్దున్నే చెప్పుంటే నా కాళ్లు మిగిలేవి కదయ్యా. యాభై దాటినోళ్లకి దూరం, బరువు తగ్గించేదానికే నన్ను పంపినారు. వారం నుంచి తిరుగుతుండా, కష్టమన్నోడు ఒక్కడు లేడు. అందరూ పహిల్వాన్లే.”

దరియావలి హాయిగా కాళ్లు చాపుకున్నాడు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. చివరి రెండు పల్లెలు తీసేసి వేరే మనిషికి ఇచ్చారు. దరియావలి ఇక మీ ఊరు రాడని తెలియజేస్తూ ఆ పల్లె పెద్దలిద్దరికీ ఉత్తరాలు కూడా వచ్చాయి. కొత్త మనిషి ఇంకా చేరలేదు గనక, వాటిని అందించడానికి దరియావలే ఆ రెండు పల్లెలకూ నడిచి వెళ్లాడు.