సక్రి గుండెనొప్పి

ఏ దేశంలో వైద్య విద్యార్థులకు ఉత్తుత్తి రోగులతో ఎలా పాఠాలు చెబుతున్నారు, ఆ పరిశోధనలు ఎటు సాగుతున్నాయి అన్నది డాక్టర్ దీప ఏడాదిగా చదువుతోంది. ఒకచోట గుండె కొట్టుకునే బొమ్మలు, మరోచోట జబ్బు నటించే మనుషులు. మహబూబాబాద్ దగ్గరి తమ కాలేజీకి బొమ్మలు రావడం ఇప్పట్లో జరిగే పని కాదు. అందుకని విద్యార్థుల పరీక్షలో గుండెజబ్బు నటించడానికి గంగారం తండా నుంచి మేనత్త సక్రిని రప్పించింది. హైదరాబాదు నుంచి ప్రొఫెసర్ రఘునాథ్ ఆ ఉదయమే ఆ పరీక్ష చూడటానికి వస్తున్నారు.

"నొప్పి జర ఎక్కువ జేయాల్నా బిడ్డా?" అంది సక్రి.

"ఎంతైనా చెయ్యి అత్తమ్మా. నేనొచ్చి చాలు అనేదాక ఆపొద్దు."

సక్రిని ఇంకా చూడని విద్యార్థులకు కూడా ఒక మాట చెప్పింది. "ఆమె నోటికొచ్చింది చెప్తది. నమ్మకుండ అడిగి రాబట్టాలె." తర్వాత రఘునాథ్‌ను తీసుకురావడానికి స్టేషన్‌కు వెళ్లింది.

సక్రి పరీక్ష గదికి పోబోయి, దారి తప్పి అసలు దవాఖాన వైపు వెళ్లి, అక్కడి బెంచీ మీద కూర్చుంది. "ఏమైంది అవ్వా?" అని నర్సు అడగగానే పరీక్ష మొదలైందనుకుంది.

"ఛాతి పిండుతుంది! ఎడమ చెయ్యి గుంజుతుంది! సచ్చిపోతున్ననే!"

క్షణాల్లో చక్రాల కుర్చీ వచ్చింది, ఆక్సిజన్ పెట్టారు. ఏర్పాట్లు చూసి సక్రికి దీప మీద గౌరవం పెరిగింది. అరుపు కూడా పెరిగింది. ఈసీజీ శుభ్రంగా ఉన్నా, ఆ అరుపుకు జడిసిన డాక్టరు వరంగల్ పంపిద్దామని అంబులెన్సు పిలిచాడు.

అదే సమయంలో బజారులో కిరాణా కొట్టున్న రుక్మిణమ్మ, ఓపీలో వరుస చూసి విసుగొచ్చి, తలుపు తెరిచి ఉన్న పరీక్ష గదిలోకి తొంగిచూసింది. నటించడానికి వచ్చినామె ఈమేననుకుని, శిల్ప అనే విద్యార్థిని ఎదురొచ్చి కూర్చోబెట్టింది.

"గ్యాసు బిడ్డా. గోలి రాసియ్యి, పోత."

విద్యార్థులు ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. గ్యాసట! దవడ లాగుతోందా, మెట్లెక్కితే ఆయాసమా, రాత్రి నిద్ర పట్టిందా అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఇంతమంది ఇంత ఓపికగా తన గోడు ఎన్నడూ వినలేదని రుక్మిణమ్మ అన్నీ చెప్పేసింది.

స్టేషన్ నుంచి దీపతో వచ్చి, పరీక్ష గదిలోకి కనిపించే అద్దం వెనక నిలబడిన రఘునాథ్ మురిసిపోయారు. "ఆ చెమటలు చూడండి! ఎక్కడ దొరికిందండీ ఈవిడ?"

దీప అద్దానికి ముఖం ఆనించి చూసింది. "సార్... ఆమె మా అత్తమ్మ కాదు."

లోపలి నుంచి శిల్ప అప్పుడే తీసిన ఈసీజీ కాగితంతో పరుగెత్తుకొచ్చింది. "మేడం, గిది నటన కాదు!"

కాగితం చూసిన దీప రుక్మిణమ్మకు మందు వేయించి, స్ట్రెచర్ వెంట బయటికి పరుగెత్తింది. గుమ్మం ముందు అంబులెన్సు సిద్ధంగా ఉంది. లోపలి నుంచి తెలిసిన గొంతు వినిపిస్తోంది.

"అత్తమ్మా, చాలు! దిగు!"

సక్రి ఆక్సిజన్ తీసేసి లేచి కూర్చుంది. "అయిపోయిందా? పిల్లలు పాసైనరా?"

డాక్టరు నోరు తెరిచాడు, కానీ తిట్టడానికి తీరిక లేదు. సక్రి దిగింది, రుక్మిణమ్మ ఎక్కింది. ఆమె భర్త సత్యం కొట్టు వదిలేసి వచ్చేసరికి బండి కదులుతోంది. ఆయనా ఎక్కాడు.

సాయంత్రానికి వరంగల్ నుంచి ఫోనొచ్చింది. సరైన సమయానికి తెచ్చారట, ప్రాణభయం లేదట. దీప కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. సక్రి ఆమె తల నిమిరింది గానీ, మనసులో మాట దాచుకోలేకపోయింది.

"గ్యాసు అన్నామెను తోల్కపోయిండ్రు. గంత మొత్తుకున్న నాకేం లేదంటరా?"

రఘునాథ్ విద్యార్థులందరినీ పాస్ చేశారు. సక్రి మాత్రం ఏ జబ్బూ లేదని తేలి, ముఖం మాడ్చుకుని గంగారం బస్సెక్కింది.